పందుంపుల్ల చరిత్ర

మన్యంలో పొద్దున్నే పందుంపుల్ల నోట్లో పెట్టుకోని ముసలివాళ్ళు అరుదు. పందుంపుల్ల పట్టుకున్న బడిపిల్లలు ఇంకా అరుదు. ఈ మార్పు మా కళ్ళ ముందే, ఒక్క తరంలో జరిగిపోయింది. మేము ఆశ్రమ పాఠశాలలో చదువుకునే రోజుల్లో పుల్ల నములుతూ కుళాయి దగ్గరికి వస్తే ‘అడవి అలవాట్లు మానరా మీరు’ అని వెనక్కి పంపేవారు. ఇప్పుడు మేమే అలాంటి బడుల్లో పాఠాలు చెబుతున్నాం. పిల్లలకు ఇచ్చే కాస్మెటిక్ సామాన్లలో టూత్‌పేస్ట్ ట్యూబు వస్తుంది. చాలాసార్లు ఆ ట్యూబు మీద వేపాకు బొమ్మో లవంగం బొమ్మో ఉంటుంది. వద్దన్న అడవే రంగుల అట్టపెట్టె మీద అచ్చయి తిరిగి వచ్చిందన్నమాట. మధ్యలో ఏం జరిగిందని పిల్లలు అడిగితే చెప్పగలగాలి కదా. కొంత చదివి, కొంత పెద్దవాళ్ళను అడిగి మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

నోటి రోగాలకు మన పల్లెల్లో వాడే మాటలు చాలానే ఉన్నాయి. పిప్పిపన్ను, చిగుళ్ళ వాపు, చిగుళ్ళ నుంచి నెత్తురు కారడం, నోటిపూత, పసిబిడ్డ నాలుక మీద తెల్లపొర. వీటిలో పిప్పిపన్నుకు మాత్రం కారణం కూడా మనవాళ్ళే చెబుతారు: పురుగు తొలిచిందని. నేలములక పండిన కాయల గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగ పంటికి పట్టించే వైద్యం చాలా ఊళ్ళలో ఉండేది. దీన్ని మూఢనమ్మకం అని నవ్వేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఇరాక్ దేశంలో ఒకప్పటి బాబిలోను నగరపు మట్టి పలకల మీద కూడా పంటి పురుగు కథ ఉంది. ఆ పురుగు దేవుణ్ణి అడిగి పంటికీ చిగురుకూ మధ్య చోటు సంపాదించుకుందని ఆ కథ. ఐరోపాలో కూడా పంటి పురుగుకు గింజల పొగ పట్టారు. నేలములకకు చుట్టమైన మరో మొక్క గింజలు వాడారు, అంతే తేడా. అంటే కొండల్లో ఉన్నవాళ్ళు మాత్రమే అలా అనుకోలేదు, లోకమంతా అనుకుంది.

పురుగు కాదు, కంటికి కనిపించని బాక్టీరియా అని తేల్చే పని 1890లో ఒక దారికి వచ్చింది. బెర్లిన్‌లో పనిచేసిన మిల్లర్ అనే అమెరికా దంతవైద్యుడు, నోట్లోని సూక్ష్మజీవులు తిండిలోని చక్కెరనూ పిండినీ పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయనీ, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందనీ ఆ ఏడాది వచ్చిన తన పుస్తకంలో రాశాడు. 1924లో లండన్‌లో క్లార్క్ అనే ఆయన పిప్పిపళ్ళ నుంచి ఒక బాక్టీరియాను వేరుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టాడు. 1924 అంటే మన పిల్లలకు అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిన ఏడాదిగానే తెలుసు. పక్కన ఈ సంగతి కూడా రాసుకోమని మేము చెబుతుంటాం. ఆ బాక్టీరియా చక్కెర దొరికితే దానితో బంకలాంటి పదార్థం చేసి పంటికి అతుక్కుంటుంది. ఆ బంక పొరలో ఇంకెన్నో రకాల సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. పాచి అని మనం అనేది దీన్నే. పసిబిడ్డ నాలుక మీద తెల్లపొర మాత్రం బాక్టీరియా పని కాదు, కాండిడా అనే బూజుజాతి జీవి పని.

ఇక చెట్లు ఏం చేస్తాయి? చెట్టు కదలలేదు. పురుగు వచ్చినా, బూజు పట్టినా, మేక మేసినా పారిపోలేదు. అందుకని బెరడులో, ఆకులో, కాయలో తనను కాపాడుకునే పదార్థాలు దాచుకుంటుంది. మనకు వగరు, చేదు, ఘాటు అని తెలిసే రుచుల్లో చాలా వాటికి మూలం ఇవే. ఆ రుచిని బట్టే మన పెద్దలు మందును పోల్చుకున్నారు.

వగరు సంగతి చూద్దాం. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే నోరంతా బిగుసుకుపోతుంది. ఆ బిగువు టానిన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. టానిన్ మాంసకృత్తులను పట్టి బిగిస్తుంది. చిగురు మీద పడితే వాపు పైపొర బిగుసుకుని నెత్తురు కారడం తగ్గుతుంది. బాక్టీరియా మీద పడితే దాని పైపొరకూ, అది బంక తయారుచేసుకునే ఎంజైముకూ అడ్డం పడుతుంది. కరక్కాయ, తానికాయ, ఉసిరి, నల్లతుమ్మ బెరడు, మర్రి ఊడ, లేత జామాకు, వీటన్నిటిలో టానిన్లే పెద్ద కూలీలు. తోలు పదునుపెట్టడానికి పనికొచ్చేది కూడా ఇదే గుణం. బ్రిటిష్‌వాళ్ళు మన అడవుల కరక్కాయలను ఓడల్లో తీసుకెళ్ళింది పళ్ళ కోసం కాదు, తోళ్ళ కోసం. 1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ పుట్టాక మనవాళ్ళు సంతలో జీసీసీ డిపోకి తూచి వేసిన సరుకుల్లోనూ కరక్కాయ ఉంది. బస్తాలకొద్దీ అమ్మినవాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు నోటిపూతకు ఒక్క కాయ వెతికితే దొరకడం లేదు.

చేదు అంటే అందరూ వేప అంటారు. కానీ వేప ఎక్కువగా మైదానపు చెట్టు, మా పాడేరు వైపు ఎత్తు కొండల మీద తక్కువ. మాకు కానుగ, ఉత్తరేణి, మర్రి, జామ దగ్గర. పార్వతీపురం, శ్రీకాకుళం వైపు గుగ్గిలం ఉంది. జార్ఖండ్‌లో ఆ గుగ్గిలం పుల్లలనే కట్టలు కట్టి పట్నాల్లో అమ్ముకుని బతికే ఆదివాసీ ఆడవాళ్ళున్నారు. కానుగలో కరంజిన్ ఉంది. ఉత్తరేణి వేరు నమిలితే నురగ వస్తుంది, కుంకుడులో ఉన్నట్టే అందులోనూ సపోనిన్లు ఉన్నాయి గనుక. అరబ్బు దేశాల్లో మిస్వాక్ అని వాడేది వరగోగు చెట్టు వేరు. దాని ఘాటు ఆవ ఘాటుకు దగ్గరి బంధువు.

జామ విషయంలో ఒక మాట. జామ మన చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ కాలంలో వచ్చింది. వచ్చిన కొన్ని వందల ఏళ్ళలోనే మన అవ్వలు దాని లేతాకు నమిలి, వగరు చూసి, నోటిపూతకు పనికొస్తుందని పట్టేశారు. ఆదివాసీ వైద్యం అంటే ఎప్పుడో ఆగిపోయిన పాత విద్య అనేవాళ్ళకు జామాకు చూపిస్తే చాలు.

ఇప్పుడు పుస్తకాల దగ్గరికి వద్దాం. సుశ్రుత సంహితలో పళ్ళు తోముకునే పుల్ల గురించి వివరంగా ఉంది. పన్నెండు అంగుళాల పొడవు ఉండాలంటుంది. ఇక్కడ అంగుళం అంటే వేలి వెడల్పు. చిటికెన వేలంత లావు ఉండాలంటుంది. నాలుగు రుచులకు నాలుగు మేలైన చెట్లు చెబుతుంది: చేదులో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారంలో కానుగ. ఈ నాలుగు పేర్లూ మా పిల్లల ముందు చదివితే తరగతిలో ఎవరికీ కొత్తగా అనిపించలేదు. ఇప్పచెట్టు లేనిదే మనకు పండుగ లేదు, కరువులో తిండి లేదు. చండ్ర చెక్క నరికి కాచు తీసేది అడవి మనుషులే. వీటి పుల్లల రుచీ గుణమూ సంస్కృత పండితుడికి ఎవరు చెప్పారు? గ్రంథంలో మూలికలను గుర్తించడానికి గొల్లలను, మునులను, వేటగాళ్ళను, అడవిలో తిరిగేవాళ్ళను అడగమని కూడా ఉంది. అడిగినవాళ్ళ పేరు గ్రంథానికి పెట్టారు. చెప్పినవాళ్ళు ‘అడవిలో తిరిగేవాళ్ళు’గా మిగిలారు.

అదే గ్రంథంలో మరో మాట కూడా ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. నోరు పూసినప్పుడు, గొంతు, దవడ, నాలుక, పెదవి జబ్బుల్లో పుల్ల వాడొద్దంటుంది. మా అవ్వలూ అదే చెబుతారు. నోరు పూస్తే పుల్ల పారేసి కషాయం పుక్కిలించాలి. పుండు మీద పుల్ల రుద్దితే పుండు పెరుగుతుంది.

7వ శతాబ్దం చివర ఇత్సింగ్ అనే చైనా బౌద్ధ భిక్షువు మన దేశం వచ్చి ఏళ్ళ తరబడి ఉన్నాడు. ఇక్కడి భిక్షువులు రోజూ పొద్దున్నే పుల్ల నమిలి, నాలుక గీసుకుని, అప్పుడే పెద్దలకు నమస్కరించేవారని రాసుకున్నాడు. పుల్ల పన్నెండు వేళ్ళ పొడవుండాలనీ, పొట్టిదైనా ఎనిమిది వేళ్ళకు తగ్గకూడదనీ కొలత కూడా ఇచ్చాడు. విశాఖ దగ్గర బావికొండ, తొట్లకొండ, అనకాపల్లి దగ్గర శంకరం చూడడానికి పిల్లలను తీసుకెళ్ళే ఉపాధ్యాయులు ఈ సంగతి చెబితే ఆ రాళ్ళ మధ్య మనుషులు కనిపిస్తారు.

తర్వాతి కాలంలో రెండు కథలు పక్కపక్కనే నడిచాయి. 1879లో మన రంప ప్రాంతం భగ్గుమంది. కల్లు చెట్ల మీద వేసిన చిగురుపన్ను ఒక కారణం. (పిల్లలు ఈ మాట విని చిగుళ్ళూ పళ్ళూ అనుకుంటారు, పన్ను అంటే ఇక్కడ శిస్తు అని విడమరచి చెప్పాలి.) ఆ తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీతలు పడ్డాయి. కొమ్మ విరిచినా, కాయ ఏరినా గార్డు పట్టుకునే కాలం వచ్చింది. సరిగ్గా ఆ 1879లోనే అమెరికాలో జోసెఫ్ లారెన్స్ అనే డాక్టరు ఒక ద్రావకం తయారుచేసి, ఆపరేషన్లలో క్రిములను చంపే పద్ధతి తెచ్చిన లిస్టర్ పేరు మీద లిస్టరిన్ అన్నాడు. మొదట గాయాలు కడగడానికి వాడారు, 1914 నుంచి నోరు పుక్కిలించే మందుగా అంగళ్ళలో అమ్మారు. అందులో పనిచేసే నాలుగు పదార్థాలకూ మొక్కలే మూలం: థైమాల్, మెంథాల్, యూకలిప్టాల్, మిథైల్ శాలిసిలేట్. థైమాల్ మన వాములో దండిగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు వాము జర్మనీకి వెళ్ళి అక్కడ థైమాల్‌గా మారేది. పంటిపోటుకు వాము నీళ్ళు పుక్కిలించే మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

లవంగం కథ కూడా ఇలాంటిదే. లవంగ నూనెలో ముఖ్యమైనది యూజినాల్. అది నొప్పి తెలియకుండా చేస్తుంది, క్రిములనూ అణుస్తుంది. పంటి డాక్టరు గదిలోకి అడుగుపెట్టగానే వచ్చే వాసన చాలావరకు దీనిదే. యూజినాల్‌ను జింక్ ఆక్సైడ్ పొడితో కలిపి పంటి గుంతలో తాత్కాలికంగా నింపుతారు. వేపలోని చేదు పదార్థాలను 1942లో సలీముజ్జమాన్ సిద్ధిఖీ వేరుచేశాడు. వాటిలో ఒకదానికి నింబిన్ అని మన నింబం పేరే పెట్టాడు.

పేటెంట్ల గొడవ ఆ తర్వాత వచ్చింది. 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయం వేప నూనెతో బూజు తెగుళ్ళను అరికట్టే పద్ధతిని అమెరికా వ్యవసాయ శాఖకూ, గ్రేస్ అనే కంపెనీకీ రాసిచ్చింది. ఆ పని అంతకుముందే మన దేశంలో జరుగుతోందని సాక్ష్యం చూపించి పోరాడితే 2000లో రద్దయింది, 2005లో అప్పీలు కూడా పోయింది. 1995లో పసుపుతో గాయం మాన్పడం కొత్త సంగతి అంటూ అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం పేటెంటు తీసుకుంది. మా పాడేరు పసుపు రైతు వింటే నవ్వాలో ఏడవాలో తెలియని మాట. మన సీఎస్ఐఆర్ సంస్థ సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలతో సహా 32 ఆధారాలు చూపించాక 1997లో అది కొట్టేశారు. 2010లో కోల్గేట్ కంపెనీకి అమెరికాలో ఎర్ర మూలికల పళ్ళపొడి మీద పేటెంటు వచ్చినప్పుడు కూడా ఇక్కడ పెద్ద అభ్యంతరం లేచింది. లవంగ నూనె, కర్పూరం, మిరియం, పుదీనా కలిపిన ఎర్ర పొడి మన దేశంలో ఎప్పటి నుంచో ఉందని అన్నారు.

ఈ గెలుపుల్లో మనం గమనించాల్సింది ఒకటుంది. పసుపు కేసు గెలిచింది కాగితం మీద ఉంది కాబట్టి. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయంలోకి కూడా ఎక్కింది ముఖ్యంగా ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లో ఉన్నదే. గ్రంథం లేని వైద్యం సంగతేంటి? కువి మాట్లాడే అవ్వ నోట్లో, ఆదివాసీ ఒరియా మాట్లాడే దిసారి నోట్లో ఉన్నది ఏ కోర్టులో సాక్ష్యం చెబుతుంది? 2002 జీవవైవిధ్య చట్టం, ఇలాంటి తెలివి వాడి లాభం తీసేవాళ్ళు చెప్పినవాళ్ళకు వాటా ఇవ్వాలంది. 2023లో ఆ చట్టాన్ని సవరించి, గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానం వాడుకునేవాళ్ళకు ఆ వాటా నుంచి మినహాయింపు ఇచ్చారు. సుశ్రుతుడు రాసిన కానుగపుల్ల గ్రంథస్థం. దాన్ని ఆయనకు చూపించినవాళ్ళ మనవలకు అందులో వాటా లేదు. మా దృష్టిలో ఇది న్యాయం కాదు.

అయితే 2006 అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్‌లో ఒక ఉప క్లాజు ఉంది. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ విజ్ఞానం మీద సమాజానికి ఉమ్మడి హక్కు ఉందని అది చెబుతుంది. భూమి పట్టాల గురించి అందరికీ తెలుసు. ఈ క్లాజు గురించి గ్రామసభల్లో మాట్లాడగా మేము వినలేదు. కేరళలో కాణి ఆదివాసులు చూపించిన ఆరోగ్యపచ్చ అనే మొక్కతో మందు చేసినప్పుడు, ఆ సంస్థ లైసెన్సు సొమ్ములో సగం కాణి వాళ్ళ ట్రస్టుకు ఇచ్చింది. తర్వాత చిక్కులు రాకపోలేదు. అయినా చెప్పినవాళ్ళకు సగం అన్న లెక్క ఒకసారి కాగితం మీదకు వచ్చింది.

పొగడ్త ఎక్కువైతే పిల్లల ప్రాణం మీదకు వస్తుంది, కాబట్టి చెట్టు చేయలేనిది కూడా చెప్పాలి. గాజు గిన్నెలో బాక్టీరియాను చంపడం వేరు, నోట్లో రోగం తగ్గించడం వేరు. కరక్కాయ, వేప, జామ పుక్కిలింతల మీద ప్రయోగాలు జరిగాయి, పాచి తగ్గినట్టు చాలావాటిలో తేలింది. కానీ వాటిలో ఎక్కువ కొద్దిమందితో, కొద్ది వారాలు చేసినవి. పంటిలో గుంత పడ్డాక ఏ కషాయమూ దాన్ని పూడ్చదు. దవడ వాచి, జ్వరం వచ్చి, నోరు తెరుచుకోకపోతే పసరు వేస్తూ కూర్చోకూడదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లవంగ నూనె నేరుగా చిగురు మీద పోస్తే కాలుతుంది. అడవి ఆముదం పాలు పుండుకు రాసే ఊళ్ళున్నాయి గానీ దాని గింజలు విషం, పిల్లలు తిని వాంతులతో పడిపోతారు. వేప నూనె పసిబిడ్డకు తాగించకూడదు. ఏడాది నిండని బిడ్డకు నోటిపూత అని తేనె నాకించడం కూడా మంచిది కాదు.

అంతకన్నా ముఖ్యమైనది పొగాకు. ఉత్తరాంధ్ర ఆడవాళ్ళలో చుట్ట తిరగేసి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని వైద్యులు 1950లలోనే గుర్తించారు. అంగిలి తెల్లబడి గరుకెక్కినా, రెండు మూడు వారాలకూ మానని పుండు నోట్లో ఉన్నా అది నోటిపూత కాకపోవచ్చు. జామాకు నమిలి గడిపిన ప్రతి వారమూ నష్టమే. ఇది మేము తల్లుల సమావేశంలో ప్రతిసారీ చెబుతాం. ముక్కులు విరిచేవాళ్ళున్నారు, అయినా చెబుతాం.

పేస్టు మానేయమని కూడా మేము చెప్పం. ఫ్లోరైడు పంటి పైపొరను గట్టిపరుస్తుంది, ఆ గుణం మన పుల్లల్లో ఉందని చెప్పడానికి లేదు. మా తాతలు పుల్లతో నెట్టుకొచ్చారంటే వాళ్ళ కాలంలో ఊళ్ళో ఐదు రూపాయల బిస్కెట్ పొట్లం, చాక్లెట్ దండ వేలాడే కొట్టు లేదు. సామలు, రాగులు, దుంపలు తిన్న నోరు వేరు. ఇప్పుడు మా బడిలో పిప్పిపన్ను లేని పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టాలి. రాత్రి పడుకునే ముందు బ్రష్షు, తిన్న తర్వాత నీళ్ళతో పుక్కిలింత, సెలవుల్లో ఊరికి వెళ్తే అవ్వతో పాటు పుల్ల. ఇదీ మేము పిల్లలకు పెట్టిన పద్ధతి. పుల్ల కూడా అడ్డదిడ్డంగా రుద్దితే చిగురు అరుగుతుంది, చివర బాగా నమిలి కుచ్చులా మెత్తగా అయ్యాకే తోమాలి.

రాసుకునే పని కూడా మొదలుపెట్టాం. 8వ తరగతి పిల్లలు ఊరికి వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట తీసుకెళ్తారు. ఒక చెట్టుకు ఒక పేజీ. తెలుగు పేరు, కువి పేరు, ఒరియా పేరు, వాడే భాగం, ఎలా వాడతారు, ఎవరికి వాడకూడదు, చెప్పినవాళ్ళు ఎవరు, రాయడానికి ఒప్పుకున్నారా లేదా. చివరి గడి మేమే కలిపాం. చట్టం ప్రకారం పంచాయతీ స్థాయిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఎక్కడో కూర్చుని ఎవరో నింపేకన్నా మా పుస్తకం చూసి నింపితే నయమని మా ఆశ. అయితే రాస్తే దొంగకు దారి చూపించినట్టే అనే భయం పెద్దవాళ్ళకు ఉంది, అది తప్పని మేము అనలేం. బయటకు చెబితే మందు పనిచేయదని నమ్మేవాళ్ళూ ఉన్నారు. ఒక దిసారి పిల్లలకు పంటిపోటు చెట్టు పేరు చెప్పాడు గానీ, వేరో బెరడో చెప్పలేదు. నేర్చుకోవాలంటే ఏడాది తనతో అడవికి రావాలన్నాడు. ఆ పేజీలో పేరు మాత్రం రాసి, కింద గడులన్నీ ఖాళీగా ఉంచాం. ఇద్దరు పిల్లలు వేసవి సెలవుల్లో ఆయన వెంట వెళ్ళడానికి ఇంట్లో అనుమతి అడుగుతున్నారు.